లండన్ సీరియలూ పాక్కియం లెక్కా

పాక్కియం గురించి చెప్పాలంటే ముందు నా గొప్పలు చెప్పాలి. ఆ గొప్పల కిందే ఆవిడ నలిగింది.

తమిళనాడు రాజపాళయంలో ఒక బ్యాండేజ్ కంపెనీలో ఇరవై రెండేళ్లుగా నేను క్వాలిటీ సూపర్‌వైజర్‌ని. గుడ్డను వేలితో తడిమితే దారం ఎక్కడ పలచబడిందో చెప్పేస్తాను. టీవీ కూడా ఆ కంటితోనే చూస్తాను. మా అమ్మాయి కార్తీక అమెరికా ఆసుపత్రి సీరియల్ పెడితే, డాక్టరు ఎవరిని ప్రేమించాడో నాకు అనవసరం. కట్టు ఎలా కట్టారన్నదే చూస్తాను. అమెరికా వాళ్లు గుట్టలు గుట్టలుగా గుడ్డ పారేస్తారు. రెండు డ్యూటీలు చేసిన నర్సుకి కూడా జుట్టు చెదరదు. లండన్ సీరియల్లో గోడ పెచ్చులూడి ఉంటుంది, నర్సు కళ్ల కింద నలుపు, కట్టు మాత్రం పద్ధతిగా ఉంటుంది. అమెరికాది మెరుపు ఎక్కువ, సరుకు తక్కువ అని తీర్పు చెప్పేవాణ్ణి. మనుషుల బాధను అమెరికా వాళ్లే బాగా చూపిస్తారని కార్తీక వాదించేది. బాధ ఎవడికి కావాలి, క్వాలిటీ కావాలి అనేవాణ్ణి. టీ కొట్లోనూ ఇదే పాట. వినేవాళ్లు తలూపేవాళ్లు, నేను ఉబ్బిపోయేవాణ్ణి.

పాక్కియం పక్కనున్న మంసాపురం నుంచి పొద్దున్నే బస్సులో పనికి వచ్చేది. నాకంటే ఆరేళ్లు పెద్ద. అయినా పేరు పెట్టే పిలిచేవాణ్ణి. ఆపరేషన్‌లో నెత్తురు అద్దే గుడ్డ ముక్కలను మడిచి, ఐదేసి చొప్పున ఎర్రదారంతో కట్ట కట్టడం ఆవిడ పని. చెయ్యి తిరిగినవాళ్లు మందం చూసి కట్టేస్తారు. పాక్కియం మడిచేటప్పుడు ఒకసారి, కట్టాక అంచులు బొటనవేలితో విడదీసి ఇంకోసారి, పెదవులు కదుపుతూ లెక్కపెట్టేది. తక్కినవాళ్లు రోజుకు నాలుగు వందల కట్టలు కడితే ఆవిడవి మూడు వందలు. మామిడికాయ పులుసు మాట ఎవరైనా ఎత్తితే తప్ప పనిలో నోరు విప్పేది కాదు.

పోయిన ఆవణి నెలలో, అంటే ఆగస్టు చివర, ఎగుమతి సరుకుకు తొందర వచ్చింది. ఇరవై మంది ఆడవాళ్ల ముందు ఆవిడ మీద అరిచాను.

"ఒక ముక్క తగ్గితే ఎవురు చచ్చిపోతారు, పాక్కియం?"

ఆవిడ చేతిలోని కట్టను కింద పెట్టింది. "ఎంచకుండా కట్టేదానికి నాకు చెయ్యి రాదు, సార్" అంది.

ఎదురు చెప్పిందని నాకు ఒళ్లు మండింది. అప్పటికప్పుడే దూది చెత్త ఊడ్చే పనికి మార్చేశాను. అది చూశాక మిగతావాళ్లు ఎవరూ లెక్క జోలికి పోలేదు. సరుకు చెప్పిన రోజుకు లారీ ఎక్కింది. మేనేజర్ నా భుజం తట్టాడు.

రెండు నెలల తర్వాత ఒక ఆదివారం, మధ్యాహ్నం భోజనాలయ్యాక, కార్తీకే నా కోసం లండన్ సీరియల్ పెట్టింది. ఆపరేషన్ అయిపోయింది, కడుపు కుట్టాలి. ముసలి నర్సు గుడ్డ ముక్కలు లెక్కపెట్టింది. ఒకటి తగ్గింది. డాక్టరు సూది ఆపేశాడు. కడుపు తెరిచి ఉన్న మనిషిని బల్ల మీద పెట్టుకుని నేల మీద వెతికారు, చెత్తబుట్టలో వెతికారు, కడుపులో చెయ్యి పెట్టి వెతికారు. ఎక్స్‌రే తీశాక కడుపులో ఏమీ లేదని తేలింది. తొందరలో లెక్కపెట్టకుండా విప్పిన ఒక కట్టలో మొదటినుంచీ నాలుగే ఉన్నాయి. ఈలోపు ఆ మనిషి నాడి పడిపోయింది. అమెరికాదైతే ఇక్కడ పాట వచ్చేది, ఎవరో ఒకరు ఏడ్చేవాళ్లు, నేను వెక్కిరించి తప్పించుకునేవాణ్ణి. ఇందులో నర్సు ఆ కట్టకున్న ఎర్రదారం వేలికి చుట్టుకుని నిలబడింది, అంతే.

మా దారమూ అలాంటిదే.

"నువ్వు చెప్పినదే సరి నాయనా, క్వాలిటీ అంటే ఇదే" అంది కార్తీక. "మీ కంపెనీలోనూ ఇట్లనే ఎంచుతారు గదా?"

అవునన్నాను. పిల్ల నన్ను గౌరవంగా చూసింది. సిగ్గుతో నేను చచ్చిపోయాను.

మర్నాడు మేనేజర్‌కు ఆ సరుకు సంగతి చెప్పాను. కంప్లైంట్ రాలేదు కదా, కదపొద్దు అన్నాడు. నేను కదపలేదు. ఆ పిరికితనమూ నాదే. తర్వాత వెనక షెడ్డుకు వెళ్లాను. పాక్కియం ముక్కుకు చెంగు కట్టుకుని ఊడుస్తోంది. దుమ్ముకు కళ్లు ఎర్రబడ్డాయి. తప్పు నాదని, మళ్లీ బల్ల దగ్గరికి రమ్మని చెప్పాను. ఇన్నేళ్లలో మొదటిసారి అక్కా అని పిలిచాను.

ఆవిడ చీపురును గోడకు ఆనించింది.

"ఆ పొద్దు పోయిన సరుకును ఎవురు ఎంచినారు?" అంది.

ఎవరూ లెక్కపెట్టలేదని చెప్పాను. ఆవిడ నన్ను తిట్టి ఉంటే బాగుండేది. వెళ్లి పాత చోటే కూర్చుని, అంతకుముందు రోజుల్లో నేను పాస్ చేసి పెట్టిన కట్టలు ముందుకు లాక్కుని ఒక్కొక్కటే విప్పసాగింది. సాయంత్రానికి పదకొండు పక్కన పెట్టింది. ఏడింట్లో నాలుగేసి ముక్కలే ఉన్నాయి, తక్కిన నాలుగింట్లో ఆరేసి.

ఇంటికి వచ్చేసరికి కార్తీక తర్వాతి భాగం పెట్టి, నా కోసం ఆపి ఉంచింది. రమ్మని పక్కకు జరిగింది. నేను కూర్చోలేదు.

"మా కంపెనీలో ఎంచే మనిషి ఒక్కతే ఉండింది, కార్తీ" అన్నాను. "ఆమె చేతికి చీపురిచ్చినది నేనే."