జమ్లి బన్నులో ఏమీ లేదు

శోభారాణికి కాలు ఒకచోట నిలవదు. సారపాకలో వాళ్ల ఇళ్ల లైన్లో అందరికీ తెలిసిన సంగతే ఇది. మణుగూరు బొగ్గుబావి కార్మికుడి కూతురు, కాగితం మిల్లులో పనిచేసే చందర్ భార్య, ఆదివారం వస్తే చర్చి పిల్లలకు సండే స్కూల్ టీచరు. టీవీ ముందు కూర్చున్నా చేతిలో చిక్కుడుకాయలు ఉండాల్సిందే. కానీ ఈస్టర్ ముందురోజు ఆమె తిరుగుడు వేరు. వంటింట్లోంచి వాకిట్లోకి, వాకిట్లోంచి వంటింట్లోకి.

"కాలుగాలిన పిల్లి లెక్క ఏందే గట్ల తిరుగుతున్నవ్?" అన్నాడు చందర్.

కారణం పక్కింటి కోటేష్. లారీల్లోంచి జామాయిల్ కర్ర దించే కాంట్రాక్టు పని అతనిది. నిరుడు వానాకాలంలో జ్వరమొచ్చి అతని భార్య చనిపోయింది. అప్పటినుంచి వాళ్ల ఎనిమిదేళ్ల జమ్లి శోభారాణి కొంగు పట్టుకునే తిరుగుతోంది, సండే స్కూల్‌కూ వస్తోంది. వాళ్లు తండా నుంచి వచ్చిన లంబాడీలు, చర్చి మనుషులు కారు. అయినా కోటేష్ ఏనాడూ కాదనలేదు. ఆ పొద్దున మాత్రం గేటు దగ్గర ఆగి నోరు విప్పాడు.

"అక్కా, పాటలు నేర్పు, ప్రార్థన నేర్పు, నాకేం లేదు. సచ్చిపోయినోళ్లు లేస్తరని మాత్రం దానికి చెప్పకు. ఇప్పటికే పొద్దుగూకంగనే గుమ్మంల కూసుంటది, వాళ్ల యాడి వస్తదని."

యాడి అంటే వాళ్ల భాషలో అమ్మ. "సరే తమ్మీ, చెప్పను" అనేసింది శోభారాణి. అనేశాక నాలుక కరుచుకుంది. ఈస్టర్‌లోంచి యేసు లేవడం తీసేస్తే ఇంకేం మిగులుతుంది, మైదాపిండి తప్ప?

ఎందుకంటే ఆ రోజు పిల్లలతో బన్నులు చేయిస్తానని ముందే పిలిచేసింది. ఫోన్లో ఎక్కడో చూసింది: పిండిలో ఒక తెల్లని మెత్తటి మిఠాయి దాచి కాలిస్తే, అది కరిగిపోయి, యేసు లేచాక మిగిలిన సమాధిలా లోపల ఖాళీగా ఉంటుందట. భద్రాచలం బేకరీలన్నీ తిరిగినా ఆ మిఠాయి పేరు విన్నవాడు దొరకలేదు. సరే పొమ్మని వెన్న, చక్కెర కలిపి ఉండలు చేసి ఫ్రిజ్‌లో పెట్టింది. ఓవెన్ ఎక్కడిది? పెద్ద గిన్నె అడుగున ఇసుక పోసి, గ్యాస్ మీద పెట్టి, మూత మీద బరువుకు పొత్రం పెట్టింది.

పిల్లలు చుట్టూ చేరారు. "ఈ ఉండ యేసయ్య శరీరం అనుకోండి. దాల్చినచెక్క పొడిల దొర్లించున్రి, సుగంధాలు పూసిండ్రు గదా. ఈ పిండి నారబట్ట. దీంట్ల సుట్టి అంచులు గట్టిగ నొక్కున్రి. రాయి పెట్టినట్టు."

"తర్వాత ఏమైతది టీచర్?" అంది కళ్యాణి.

"తర్వాత... ఆగు, పొయ్యి చూడాలె" అని లేచిపోయింది.

కళ్యాణి మళ్లీ అడిగింది, ఆమె మళ్లీ లేచింది. సువార్తలు కంఠతా వచ్చిన మనిషి గ్యాస్ పొయ్యి చాటున దాక్కుంటే చూసేవాళ్లకు నవ్వే వస్తుంది. ఆమెకు మాత్రం ఏడుపొచ్చింది. జమ్లి తన బన్నును పసిపిల్లను జోకొట్టినట్టు తట్టి, గుర్తుకు ఒక లవంగం గుచ్చింది. రేపు పొద్దుటిదాకా ఎవరూ విప్పొద్దని చెప్పి బన్నులన్నీ కాల్చి పళ్లెంలో మూసి పెట్టింది.

ఈస్టర్ నాడు తెల్లవారకముందే చర్చి వాళ్లంతా సమాధుల తోటకు పోయారు. సున్నం వేసిన సమాధుల మీద బంతిపూలు, కొవ్వొత్తులు. పాస్టరుగారు ఏం చెప్పారో శోభారాణి చెవిన పడలేదు. చెప్పనా, మానుకోనా అన్న ఒక్క గొడవే లోపల. ఇంటికొచ్చి వాకిట్లో పళ్లెం పెట్టినా అది తేలలేదు.

పిల్లలు బన్నులు విరిచారు. "ఖాళీ! నాది గూడ ఖాళీ!" అని శ్రీను ఎగిరి గంతేశాడు.

జమ్లి విరిచింది. లోపల వేలు పెట్టి తడిమింది. బన్ను తిరగేసి చూసింది, పళ్లెం కింద వెతికింది. "టీచర్, ఎవరు ఎత్తుకపోయిన్రు?" అంది. శ్రీను పకపకా నవ్వాడు. జమ్లి పెదవులు వంకరపోయి ఏడుపు లంకించుకుంది. సరిగ్గా అప్పుడే నైట్ డ్యూటీ దిగి కోటేష్ గేటు దగ్గరికి వచ్చాడు.

శోభారాణి జమ్లి పక్కన నేల మీద కూర్చుంది.

"నవ్వకురా" అని శ్రీనును గదిమింది. "ఆ పొద్దు ఖాళీ సమాధి చూసి మగ్దలేనే మరియ గూడ గిట్లనే ఏడ్చింది. ఎవరో ఎత్తుకపోయిన్రనే అనుకున్నది. యేసయ్య ఎనకనే నిలబడ్డా గుర్తుపట్టలే. ఆయన మరియా అని పేరు పెట్టి పిలిచిండు. అప్పుడు తెలిసింది ఆమెకు. సచ్చిపోయినాయన లేచిండని."

అనేసింది. ఇచ్చిన మాట పోయింది. గేటు వైపు చూసే ధైర్యం లేకపోయింది.

"మరి మా యాడి?"

"మీ యాడి సచ్చిపోయింది బిడ్డా. ఈ పొద్దు రాదు, రేపు రాదు. గుమ్మంల కూసుంటె వచ్చేది గాదు. దేవుడు ఒకనాడు లేపుతడని నేను నమ్ముత. అది ఎప్పుడో నాకు తెల్వదు."

ఇన్ని నెలల్లో ఆ పిల్లకు సచ్చిపోయింది అన్న మాట చెప్పిన పెద్దవాళ్లు లేరు. దేవుని దగ్గరికి పోయింది అన్నారందరూ, ముద్దుగా. పోయిన మనిషి తిరిగి రావాలి కదా మరి. జమ్లి తండ్రి వైపు చూసింది.

కోటేష్ వచ్చి కూతురి ముందు కూర్చుని తమ భాషలో ఏదో చెప్పాడు. శోభారాణికి ఆ భాష కొద్దిగానే తెలుసు. రాదు అన్న మాట మాత్రం అర్థమైంది. పిల్ల అతని మెడ పట్టుకుని బావురుమంది. చాలాసేపు ఏడవనిచ్చి, అతను తలెత్తాడు. కోపం లేదు ఆ ముఖంలో.

"అక్కా, మీరైతే మట్టిల పెడతరు. మేం కాల్చినం. బూడిద గోదారిల కలిపినం. లేపుతడంటివి గదా, మా ఆమెను ఏడని ఎతుకుతడు?"

"ఎతుకుడెందుకు తమ్మీ? పిలుస్తడు. రూప్లీ అంటే పలకదా?"

చనిపోయిన భార్య పేరు అతని ముందు ఎవరూ ఎత్తక నెలలైంది. కోటేష్ అప్పుడు ఏడ్చాడు.