పసుపు ఎర్రబడలేదు

యుద్ధం రోజుల్లో, గురజాల పక్క మా పల్లెలో, కొట్లో కొన్న ప్రతిదాన్నీ నేను అనుమానంగానే చూసేదాన్ని. ఎందుకు చూడను? కారంలో ఇటుకపొడి, బియ్యంలో పలుగురాళ్ళు, కిరసనాయిల్లో ఏం కలిపేవాళ్ళో ఆ దేవుడికే తెలియాలి. నాకు పెళ్ళయి రెండేళ్ళు. నన్ను మోసం చేసేవాడు ఇంకా పుట్టలేదని మహా పొగరు. మా ఆయన ఇంకో రకం. ఎవరేం చెప్పినా "అట్నా" అని తలూపే మనిషి.

ఆయన సున్నపు బట్టీలో పనిచేసేవాడు. వానలు వెనకబట్టాక ఒకరోజు పొద్దున్నే గజగజా వణుక్కుంటూ పనిలోంచి తిరిగొచ్చాడు. చెయ్యేస్తే ఒళ్ళు కాలిపోతోంది. నేను కొట్టుకు పరిగెత్తాను. కొట్టు పెద్దాయన డబ్బాలోంచి పదిదాకా తెల్లబిళ్ళలు తీసి కాగితంలో చుట్టి ఇచ్చాడు. ఆస్పిరిన్ అంటారట. "అన్నం తిన్నాక ఒక్కటెయ్యి అమ్మాయ్. తగ్గకపోతే సాయంత్రం ఇంకోటి. వట్టి కడుపున మాత్రం వద్దు" అన్నాడు.

బిళ్ళ వేశాక చెమటపట్టి జ్వరం దిగింది. హమ్మయ్య అనుకున్నాను. మర్నాడు అదే వేళకు మళ్ళీ చలి, మళ్ళీ వణుకు. ఆ తర్వాత రోజూ అంతే. ఇక నాకు అనుమానం పుట్టింది. బిళ్ళను గోటితో గీకితే తెల్లటి పొడి రాలింది. రోజూ ఆయన చొక్కా దులిపితే రాలేదీ అట్లాంటిదే.

"చూశావా మావా? మీరు కాల్చిన సున్నాన్నే బిళ్ళలు చేసి మనకే అంటగడుతున్నాడు" అన్నాను.

"అట్నా?"

"అట్నా ఏంది? ఇందులో మందు నలుసంత, మిగతాదంతా సున్నం. ఒకటేస్తే ఏం పన్జేస్తది? నాలుగెయ్యి."

నాలుగూ మింగాడు. మళ్ళీ కొట్టుకు పోయి పెద్ద పొట్లమే తెచ్చాను. పొద్దున నాలుగు, మధ్యాహ్నం నాలుగు, పొద్దుగూకేవేళ నాలుగు. అన్నం సయించడం లేదంటే మంచినీళ్ళతోనే వేయించాను. రెండోరోజుకు, "చెవుల్లో ఏందోనే, ఒకటే హోరు" అన్నాడు. జ్వరం తలకెక్కిందనుకున్నాను. కడుపులో మంటన్నాడు. చూశావా, సున్నం కోసేస్తోంది అన్నాను. ఏం చెప్పినా నా అనుమానానికి సాక్ష్యమే అయింది. బావి దగ్గర పదిమందికీ చెప్పాను కూడా, ఆ కొట్టాయన మనుషుల్ని చంపుతున్నాడని.

మూడోరోజు పొద్దున్నే ఇక తాడోపేడో తేల్చుకుందామని లేచాను. సంతలో నలుగురి మధ్యన ఆ కొట్టాయన పరువు తియ్యాలి, దానికి రుజువు కావాలి. సున్నం తగిలితే పసుపు ఎర్రబడుతుందని ఆడదానికి ఎవరూ నేర్పక్కర్లేదు. పారాణి కలిపేది అట్లాగేగా. బిళ్ళను నూరి, తడిపసుపులో వేసి వేలితో రుద్దాను. పసుపు పసుపుగానే ఉంది. ఇంకో బిళ్ళ వేశాను. అంతే. పసుపే పాడైందేమోనని తాంబూలం పళ్ళెంలో ఉన్న సున్నం చిటికెడు కలిపాను. ఎర్రగా తిరిగింది.

సున్నం కాదు. అయితే రెండ్రోజులుగా నా చేత్తో నేను పెట్టిందంతా మందే. ఈ పరీక్షేదో మొదటిరోజే చేసి ఏడవచ్చుగా? తిట్టడానికున్న తీరిక చూడ్డానికి లేకపోయింది. అప్పుడే లోపల ఆయన భళ్ళున కక్కుకున్నాడు. పోయి చూస్తే మాడిన బెల్లప్పాకంలా నల్లగా ఉంది.

బండి కట్టించి ధర్మాసుపత్రికి తీసుకుపోయాను. డాక్టరు కళ్ళు చూశాడు, పొట్ట నొక్కాడు. "బిళ్ళలేమైనా వేశారా? ఎన్ని?" అన్నాడు. నేను చెప్పేలోపే, బల్లమీద ముడుచుకుని పడుకున్న మనిషి, ఆయాసపడుతూనే, "నేనే మింగానండీ. తిక్కపుట్టి ఎక్కువేసుకున్నా. దానికేం తెలవదు" అన్నాడు.

"అబద్ధమండీ! నేనే పెట్టాను, రోజుకు పన్నెండు. సున్నమనుకుని పెట్టాను" అని అక్కడే కూలబడ్డాను.

డాక్టరు నన్ను చెడామడా తిట్టాడు. తిట్టి, తర్వాత కూర్చోబెట్టి చెప్పాడు. ఆ బిళ్ళ జ్వరాన్ని దించుతుందిగానీ, జ్వరం తెచ్చిన జబ్బును పోగొట్టదట. ఈయనది చలిజ్వరం, దానికి చేదుమందు వేరే ఉంది. దిగిన జ్వరం మళ్ళీ వచ్చిందంటే బిళ్ళ దొంగదని కాదు, ఆసుపత్రికి రమ్మని. పెద్దవాళ్ళకు ఒకటి, మహా అయితే రెండు. మళ్ళీ వెయ్యాలంటే నాలుగు గంటలన్నా ఆగాలి, రోజు మొత్తానికీ ఓ హద్దుంటుంది. వట్టి కడుపున వేస్తే పొట్టలో పుండు పడి నెత్తురొస్తుంది, ఆయన కక్కిన నలుపు అదే. చెవుల్లో హోరు పుట్టిందంటే బిళ్ళలు శ్రుతిమించినట్టే, వెంటనే ఆపాలి. "ఇంకొక్క పూట ఆలస్యమైతే నేనూ ఏం చెయ్యలేకపోదును" అన్నాడు.

ఎనిమిది రోజులు అక్కడే ఉన్నాం. బతికాడు. నేను మాత్రం కొట్టు ముందునుంచి నడవలేక చానాళ్ళు చుట్టుతిరిగి పోయేదాన్ని. చివరికి ఒకరోజు పోయి తప్పయిపోయింది బాబాయ్ అన్నాను. ఆ పెద్దాయన బెల్లం తూస్తూ, "సర్లే, మనిషి దక్కాడు" అన్నాడంతే.

పుండు మాని, ఏడాది తిరిగాక, ఒకనాడు ఆయన తలనొప్పని పనికి పోకుండా కూర్చున్నాడు. ఆ బిళ్ళ ఈయనకిక ససేమిరా వద్దని డాక్టరు అప్పుడే చెప్పి పంపాడు. ఆయనా విన్నాడు, నేనూ విన్నాను. శొంఠి గంధం తీసి నుదుటికి పట్టు వేద్దామని నేను లోపల్నుంచి వస్తున్నాను. నా చేతిలో ఏముందో చూడనన్నా చూడలేదు. కళ్ళు మూసుకుని, నోరు తెరిచి, "ఎన్ని మింగమంటావే?" అన్నాడు.

నేను ఊళ్ళో ఒక్కరినీ నమ్మినదాన్ని కాదు. ఈ మనిషి చావుదాకా పోయొచ్చి కూడా నన్ను నమ్ముతున్నాడు. ఆ తెరిచిన నోరు చూసి నాకు ఏడుపు ఆగలేదు. చెంగుతో మొహం తుడుచుకుని, "నోరు మూసుకో మావా" అన్నాను.