ఎనభై ఏడు మంది, ఆరువందల నలభై మూడు నొక్కుళ్ళు

మా కోడలు నాలుగు నెలలు చదివిన చదువును నేను నలభై ఏడు నిమిషాల్లో ఎలా నేలమట్టం చేశానో ఇప్పుడు చెప్పబోతున్నాను. నలభై ఏడు అనేది ఉజ్జాయింపు కాదు. పదిన్నరకి మొదలై, పదకొండూ పదిహేడుకి ముగిసింది. గోడ గడియారమూ చేతి గడియారమూ రెండూ చూశాను. రెండూ ఒకే టైము చూపించాయి. ఆ రోజు మా ఇంట్లో ఒకదానితో ఒకటి ఏకీభవించినవి ఆ రెండే.

జరిగింది రెండేళ్ళ కిందట, శ్రావణమాసం రెండో శుక్రవారం. అప్పటికి నాకు అరవై ఎనిమిది. ఇప్పుడు డెబ్బై నిండాయి కనక, ఏదో చిన్నతనం, తెలియక చేశానని చెప్పుకునే హక్కు నాకుంది.

నేను ముప్పై నాలుగేళ్ళు లెక్కలు చెప్పి, హెడ్మిస్ట్రెస్‌గా రిటైరైనదాన్ని. నర్సీపట్నంలో నన్ను టీచరమ్మగారనే అంటారు. నా సర్వీసు మొత్తంలో నేను క్షమించని నేరం ఒక్కటే: రాని పిల్లలకి హాజరు వేయడం. నూటికి అరవై మందే వచ్చిన రోజున నూరూ వేసిన ఒక మాస్టారి చేత, ఆ నలభై మంది పేర్లూ చదివించి, ఒక్కొక్కరు ఏ బెంచీ మీద కూర్చున్నారో వేలుపెట్టి చూపించమన్నాను. ఆయన మర్నాడే బదిలీకి అర్జీ పెట్టుకున్నారు. ఈ సంగతి గుర్తుంచుకుంటే, తరవాత నేను చేసిన పనికి నన్ను కాస్త తక్కువగా తిడతారు.

మా కోడలు మాధవి. పెళ్ళికి ముందు విశాఖపట్నంలో సాఫ్ట్‌వేర్ కంపెనీలో పని చేసేది. పాప పుట్టాక మానేసింది. పాప బడికి వెళ్ళే వయసు వచ్చేసరికి మళ్ళీ ఉద్యోగం వెతుక్కుంది. ఒక కంపెనీవాళ్ళు, "ఐదేళ్ళ ఖాళీ ఉంది. పర్ఫార్మెన్స్ టెస్టింగ్‌లో సర్టిఫికెట్ తెచ్చుకోండి. ఇంటి నుంచే పని ఇస్తాం. ఆగస్టు ఆఖరు సోమవారం దాటితే మాత్రం వేరేవాళ్ళని తీసుకుంటాం" అన్నారు. నాలుగు నెలలపాటు పిల్ల బడికి వెళ్ళగానే పుస్తకం, వంటయ్యాక పుస్తకం. నాకు ముచ్చటేసింది. ముచ్చటేసినప్పుడు ఊరుకుంటే నేను హెడ్మిస్ట్రెస్‌ని ఎందుకవుతాను?

"ఏమిటే ఈ పరీక్ష?" అని అడిగాను.

"ఒక వెబ్‌సైట్ ఎంతమందిని మొయ్యగలదో సూడ్డం అత్తయ్యా. నేనే సిన్న అంగడి ఒకటి తయారుసేశాను, జీడిపప్పు అమ్మేది. ఉత్తుత్తి అంగడే. పరీక్ష రోజున దాని మీదకి వంద మందిని తోలి, ఎక్కడ డీలా పడతాదో సూపించాలి."

"వంద మందా? ఎవరే వాళ్ళు?"

"ఎవరూ కాదండి. లేరు వాళ్ళు."

"లేకపోతే ఎలా వస్తారు?"

"వచ్చినట్టు కంప్యూటరే సేస్తాదండి. వర్చువల్ యూజర్లంటారు."

"వచ్చినట్టు ఎవరు రాసుకుంటారు?"

"అదీ కంప్యూటరేనండి."

ఆలు లేదు చూలు లేదు, అంగడి ముందు వంద మంది! నాకు తల తిరిగింది. పిల్లలూ అదే, హాజరు వేసేదీ అదే. మా ఆ మాస్టారైనా కనీసం పేర్లు రాశారు. ఈ చదువులో పేర్లు కూడా లేవు. నా ఇంట్లో, నా కోడలు, దొంగ హాజరు మీద సర్టిఫికెట్ తెచ్చుకోవడమా?

రెండు రోజులు అన్నం సయించలేదు. మూడో రోజు మెల్లగా కదిపాను. "నిజం మనుషులే వంద మంది వస్తే?"

మాధవి అప్పుడు ఒక చేత్తో పోపు పెడుతూ ఇంకో చేత్తో పుస్తకం పట్టుకుని ఉంది. తల ఎత్తకుండానే, "నిజం మనుషులొస్తే ఇంకేటి కావాలండీ. అసలు పరీక్ష అదే కదా" అంది.

చూశారా, అనుమతి ఇచ్చేసింది! పోపులో ఆవాలు చిటపటలాడుతుండగా ఇచ్చిన అనుమతి చెల్లదని నాకు ఎవరూ చెప్పలేదు.

మంచి మార్కులు వచ్చాక చెబుదామని రహస్యంగా పని మొదలుపెట్టాను. మాధవి గోడకి అంటించుకున్న కాగితం మీద, వంద మందిని తోలేది శుక్రవారం పదిన్నరకనీ, దాని కింద అంగడి చిరునామా రాసి ఉంది. దాన్ని వంద చీటీల మీద గుండ్రంగా రాశాను. ఫోన్ చేసి చెబితే సగం మంది మరిచిపోతారు. బొట్టు పెట్టి పిలిస్తే ఎవరూ మరిచిపోరు. కాబట్టి కుంకుమ భరిణె పట్టుకుని, నాలుగు రోజులపాటు, రోజుకి పాతిక ఇళ్ళ చొప్పున తిరిగాను. మొదటి ఇల్లు మా ఎదురింటి వెంకటలక్ష్మిది.

"శుక్రవారం సరిగ్గా పదిన్నరకి ఈ చీటీలోది ఫోన్‌లో తెరిచి, కిలో జీడిపప్పు అని ఉన్నచోట నొక్కాలి" అన్నాను బొట్టు పెడుతూ.

"నొక్కితే ఏటవుతాదండీ?"

"మా మాధవి పాసవుతుంది."

"మరి మీ ఇంటికి ఎన్నింటికి రావాలి?"

"రానక్కర్లేదు. మీ ఇంట్లోనే ఉండి నొక్కు."

వెంకటలక్ష్మి నా మొహం వంక, నా చేతిలో కుంకుమ భరిణె వంక చూసింది. "అలాగేలెండి టీచరమ్మగారూ" అని అదోలా నవ్వింది. వంద ఇళ్ళలోనూ అదే నవ్వు నవ్వారు. నా మీద గౌరవం అనుకున్నాను. పిలవని పేరంటానికి ఎవరూ వెళ్ళరు, నిజమే. కానీ శ్రావణమాసంలో, శుక్రవారం నాడు, బొట్టు పెట్టి మరీ "రావద్దు" అంటే, టీచరమ్మగారు మొహమాటపడుతున్నారనుకుంటారే తప్ప ఎవరు నమ్ముతారు? ఈ ముక్క నాకు వంద ఇళ్ళు తిరిగినా తట్టలేదు.

శుక్రవారం వచ్చింది. మా అబ్బాయి రావికమతంలో ఉద్యోగానికి వెళ్ళిపోయాడు. పాప బడికి వెళ్ళింది. పది గంటలకి మాధవి గదిలో కూర్చుని తలుపు వేసుకుంది. కంప్యూటర్ కెమెరాలోంచి పరీక్షాధికారి ఒకాయన ఎక్కడో ఊళ్ళో కూర్చుని చూస్తుంటాడట. "అత్తయ్యా, గదిలోకి ఇంకో మనిషొస్తే పరీక్ష రద్దండి. పిల్లి కూడా రాకూడదు" అని నాకు రెండుసార్లు చెప్పింది. నేను పిల్లిని పెరట్లో కట్టేశాను. మనిషిని కట్టేయాలని తోచలేదు.

పదిన్నర అయింది. నా ఛాతీ ఉప్పొంగింది. నర్సీపట్నంలో ఈ క్షణాన వంద వేళ్ళు ఒకేసారి నొక్కుతున్నాయి!

పదీ నలభై అయిదుకి గేటు చప్పుడైంది. వెంకటలక్ష్మి. పట్టుచీర, తలనిండా పూలు, చేతిలో గోనెసంచి.

"ఏటండీ మీ అంగడి? ఫోన్లో సక్రం అలా తిరుగుతూనే ఉంది. నొక్కీ నొక్కీ నా ఏలు అరిగిపోనాది. ఆకరికి, ఆర్డరు అందిందని వొచ్చింది. బేగి ఇచ్చీండి, పొయ్యి మీద అన్నం ఉంది."

"ఏమిటి ఇచ్చేది?"

"జీడిపప్పండీ. కిలో."

ఆమె వెనక ఇంకో పదిమంది. వాళ్ళ వెనక వీధి మలుపు దాకా పట్టుచీరలు. కొందరివి గుడ్డసంచులు, ఒకావిడ కోటవురట్ల నుంచి వచ్చిన చెల్లెల్ని కూడా తెచ్చుకుంది. "ఈసారి టీచరమ్మగారు శెనగలు కాదు, మనిషికి కిలో జీడిపప్పు వాయనం ఇస్తన్నారంట" అని ఒకరంటే, "మాకు అందిందని రాలేదు, మాకు ఇవ్వరేటి?" అని ఇంకొకరు. అదేమిటో, రానక్కర్లేదన్న మాట వంద మందిలో ఒక్కరికీ గుర్తులేదు. జీడిపప్పు మాట మరిచినవాళ్ళూ లేరు.

ఏం చేయాలో తెలియక, తెలిసిన పని చేశాను. రిజిస్టరు తీసి హాజరు వేశాను. చెల్లెల్ని లెక్కలోంచి తీసేస్తే ఎనభై ఏడు. పదమూడు మంది గైర్హాజరు. నూటికి ఎనభై ఏడు, పండగ నెలలో మంచి హాజరే.

సరిగ్గా అప్పుడే గదిలోంచి మాధవి గొంతు వినిపించింది, ఏడుపు కలిసి. "నాకు తెలీదు సార్! నేను తోలింది వంద మందినే. పైన ఆరువందల నలభై మూడు ఎక్కడినుంచొచ్చాయో నిజంగా తెలీదండి. అంగడి పడిపోయింది సార్!"

ఆరువందల నలభై మూడా? నాకు మిగతావన్నీ మసకబారాయి. కోడలి ఏడుపు వినిపించలేదు, గోనెసంచులు కనిపించలేదు. నా రిజిస్టరులో ఎనభై ఏడు. యంత్రంలో ఆరువందల నలభై మూడు. అయిదువందల యాభై ఆరు మంది తేడా! ముప్పై నాలుగేళ్ళలో నా మొత్తం ఒక్కరికి కూడా తప్పలేదు. వరండా మెట్టు ఎక్కి గట్టిగా అరిచాను.

"నిజం చెప్పండి! ఒక్కొక్కరూ ఎన్నిసార్లు నొక్కారు?"

బడిలో కిటికీ అద్దం పగిలిన రోజు పిల్లల్లా ఒకరి వెనక ఒకరు దాక్కున్నారు.

"నాను నాలుగుసార్లేనండి" అంది ఒకామె నేల చూస్తూ.

"వెంకటలక్ష్మీ?"

"సక్రం తిరుగుతుంటే మరేటి సేస్తామండీ? పందొమ్మిది."

"మా మొగుడిగారి ఫోన్లో అయిదు, నా ఫోన్లో ఆరు."

"నేను ఒక్కసారేనండీ. మా పిల్లడు మాత్రం ఆడుకున్నాడు, ఇరవై దాకా."

"దాకా వద్దు. లెక్క చెప్పు."

"ఇరవై రెండండి."

పేరు పక్కన అంకె వేస్తూ పోయాను. ఇరవై రెండు నిమిషాలు పట్టింది. అడుగున గీత గీసి కూడాను. ఆరువందల నలభై మూడు! పైనుంచి కిందకి, కిందనుంచి పైకి రెండుసార్లు కూడాను. అదే. నా జీవితంలో ఏ లెక్కా అంత అందంగా సరిపోలేదు. ఆనందంలో మనిషికి ఒళ్ళు తెలియదంటారు. నాకు ఒళ్ళు తెలుసు, తలుపు మాత్రం తెలియలేదు.

"మాధవీ! లెక్క సరిపోయిందే!" అంటూ గదిలోకి దూసుకుపోయాను.

మాధవి కుర్చీలోనే రాయిలా అయిపోయింది. కంప్యూటర్‌లోంచి ఒక మగగొంతు, "గదిలో ఎవరండీ?" అంది.

"నేనండీ, వాళ్ళ అత్తగారిని. మీరేమీ కంగారు పడకండి. మీ ఆరువందల నలభై మూడుకీ నా దగ్గర పేర్లున్నాయి" అని రిజిస్టరు కెమెరాకి ఆనించి పట్టుకున్నాను. "ఒక్క దొంగ హాజరు లేదు. కావాలంటే మనుషులు కూడా ఉన్నారు."

ఉన్నారు మరి. నా భుజాల మీంచి, చంకల కిందనుంచి, కిటికీ ఊచల్లోంచి తొంగిచూస్తున్నారు. వెంకటలక్ష్మి గోనెసంచి ముందుకి చాపి, "సారూ, జీడిపప్పు తమరిస్తారేటండి?" అని అడిగింది.

పదకొండూ పదిహేడుకి తెర నల్లబడింది.

మాధవి అరవలేదు. అరిచి ఉంటే బాగుండేది. చేతులు ఒళ్ళో పెట్టుకుని, "నాలుగు నెలలండి అత్తయ్యా" అంది, అంతే. ఎనభై ఏడు మందీ సంచులు వెనక్కి దాచుకున్నారు. నేను ఇంట్లో ఉన్న అరకిలో జీడిపప్పు డబ్బా తెచ్చి మనిషికి మూడేసి పప్పులు, తాంబూలం చేతిలో పెట్టి పంపేశాను. తలకి అయిదు గ్రాముల చిల్లర. ఎవరూ తక్కువైందని అనలేదు. వెంకటలక్ష్మి తన మూడు పప్పులూ మాధవి చేతిలో పెట్టి వెళ్ళింది.

సాయంత్రం కంప్యూటర్‌లోకి ఉత్తరం వచ్చింది. గదిలోకి మనిషి వచ్చినందుకు పరీక్ష రద్దు. ఆ రిజిస్టరు చూశాక మాత్రం మోసం అని రాయడానికి పరీక్షాధికారికి చెయ్యి రాలేదట. వారం తరవాత ఇంకొక్క అవకాశం ఇచ్చాడు. అంటే మూడో శుక్రవారం. కంపెనీ గడువు ఆ పై సోమవారం. ఈసారి తప్పితే ఉద్యోగం లేదు.

ఆ వారం మాధవి నాతో మాట్లాడిన మాటలు పదకొండు. అందులో ఒక వాక్యం పెద్దది: "అత్తయ్యా, ఆ రిజిస్టరు ఒకసారి ఇస్తారా?" రాత్రింబవళ్ళు దాన్ని ముందేసుకుని ఏదో చేసింది. మా అబ్బాయితో అంటుంటే విన్నాను, తన లేని మనుషులు బుద్ధిమంతులట. ఒక్కసారి నొక్కి, చేతులు కట్టుకుని నిలబడతారట. అసలు మనుషులు అలా ఉండరని తనకి తట్టనే లేదట. అందుకని ఈసారి లేని మనుషులకి కూడా ఓపిక లేకుండా చేసింది. చక్రం తిరిగితే చాలు, మళ్ళీ మళ్ళీ నొక్కుతారు. లేనివాళ్ళకి లేని ఓపికని ఎలా తీసేస్తారో నాకు ఈనాటికీ అర్థం కాలేదు. ఈసారి మాత్రం అడగలేదు.

మూడో శుక్రవారం పొద్దున్న ఎనిమిదింటి బస్సెక్కి యలమంచిలి వెళ్ళిపోయాను. ఇంట్లో ఉంటే నా కాళ్ళ మీద నాకే నమ్మకం లేదు. రైల్వే స్టేషన్ బల్ల మీద కూర్చుని, వెళ్ళే బండ్లూ వచ్చే బండ్లూ లెక్కపెట్టాను. ఒంటిగంటా పది నిమిషాలకి ఫోన్ మోగింది.

"అత్తయ్యా! పాసయ్యానండి!"

బల్ల మీంచి లేచి, పక్కనున్న ముక్కూమొహం తెలియని ఆవిడని కౌగిలించుకున్నాను. కళ్ళు తుడుచుకుని, అలవాటు చొప్పున అడిగాను. "ఎన్ని?"

"వందకి ఎనభై ఆరండి."

"మిగతా పధ్నాలుగూ?"

అటువైపు మాధవి గొంతు తగ్గించింది.

"పరీక్షలో సూపు తెర మీంచి పక్కకి పోతే, పోయినప్పుడల్లా రెండు మార్కులు కోతండి."

ఏడు రెళ్ళు పధ్నాలుగు. "ఏడుసార్లా! ఎటు చూశావే ఏడుసార్లు?"

"తలుపు వైపండి. మీరొస్తారేమోనని."

"నేను ముప్పై కిలోమీటర్ల అవతల యలమంచిలిలో ఉన్నాను కదే!"

"తెలుసండి. అందుకే ఏడుసార్లే సూశాను."

కనుక పాఠకులారా, నా కుంకుమ భరిణె సాక్షిగా, నేను ప్రమాణం చేస్తున్నాను. ఈ జన్మలో మా కోడలి పరీక్షకి ఉన్నవాళ్ళని పిలవను, లేనివాళ్ళని లెక్కపెట్టను, ఆమె గది తలుపు ముట్టుకోను. ఆమె ఇంకో పరీక్షకి కట్టిందని నిన్ననే తెలిసింది. నేనెంత దూరం వెళితే మార్కులు పోకుండా ఉంటాయో లెక్క వేస్తున్నాను.