మా నాన్న వ్యానును ఎత్తించిన మేనత్త

మా మేనత్త పోయింది. పోయిన మంగళవారం పొద్దున్న, ఆవిడ ఉండే డైరీ ఫార్మ్ పేట నుంచి పక్కింటివాళ్లు ఫోన్ చేసి, "దీదీ తలుపు తియ్యట్లేదు, మీరు జల్దీ రండి" అన్నారు. అమ్మా నేనూ మేముండే బ్రూక్షాబాద్ నుంచి వెళ్లేసరికే వాళ్లు గడియ విరగ్గొట్టి లోపలికి వెళ్లారు. నిద్రలోనే గుండె ఆగిపోయిందని డాక్టరు చెప్పాడు.

మన తెలుగు చర్చిలో పాతవాళ్లకి ఆవిడ తెలుసు. బజారులో వాళ్లకి 'చలాన్ దీదీ' అంటేనే గుర్తుకొస్తుంది. అది ముద్దుపేరు కాదు. మునిసిపాలిటీ వసూళ్ల విభాగంలో ఆవిడ ఉద్యోగమంతా పార్కింగ్ జరిమానాల మీదే గడిచింది. బండి పెట్టకూడని చోట పెడితే అద్దానికి చలాను అంటించడం వేరేవాళ్ల పని. ఆ చలాన్లు కట్టకుండా పోగేసుకున్నవాళ్ల ఇళ్లకు వెళ్లడం అత్త పని. మొదట ఒక నోటీసు, తర్వాత ఇంకోటి. దానికీ పలక్కపోతే క్రేనుతో వచ్చి బండిని యార్డుకి ఎత్తించడం. గడువులోగా విడిపించుకోకపోతే వేలం.

ఆడమనిషి ఈ పనికి వస్తుందని ఎవరూ అనుకోని రోజులవి. మా తాత స్వాతంత్ర్యం వచ్చిన కొత్తలో శ్రీకాకుళం వైపు నుంచి ఓడెక్కి ఈ దీవులకి వచ్చి, ఇక్కడ రోడ్ల పనిలో రాళ్లు కొట్టాడు. "మా నాయిన ఏసిన రోడ్డు ఇది. దీని మీద సొంత ఇల్లు కట్టుకున్నట్టు గాడీలు పెడితే ఎలాగ?" అనేది అత్త. నవ్వుతూ అన్నా, అవతలివాళ్లకి నవ్వు వచ్చేది కాదు.

నల్ల గొడుగు, చేతిసంచి, అందులో నీళ్ల సీసా. ఎంత ఎండైనా, వసూలుకి వెళ్లిన ఇంట్లో మంచినీళ్లు కూడా ముట్టేది కాదు. ఒకసారి నేను అడిగితే, "ఆళ్ల టీ తాగేసి ఆళ్ల గాడీ ఎలా ఎత్తుతామే పిల్లా?" అంది. నోటీసు చూసి భయపడేవాళ్లకి మాత్రం ఎప్పుడూ ఒకటే చెప్పేది: "నోటీసు వచ్చిందంటే ఇంకా తలుపు మూయలేదని అర్థం. ఇప్పుడే రండి."

ఆ మాట మా నాన్నకి కూడా చెప్పింది. నాన్న ఆవిడకి ఒక్కగానొక్క తమ్ముడు. ఆయనకో పాత వ్యాను ఉండేది. ఓడల్లో వచ్చిన కూరగాయల్ని జెట్టీ నుంచి బజారుకి చేరవేసేవాడు. బజారు వాలులో, రెండు బండ్లు ఎదురైతే ఇరుక్కుపోయే చోట వ్యాను ఆపి సరుకు దించేవాడు. దించాక కూడా అక్కడే ఉంచి కబుర్లలో పడేవాడు. చలాన్లు వస్తే మడిచి సీటు కిందకి తోసేవాడు.

"కట్టేయరా తమ్ముడా," అని అత్త ఆదివారం చర్చి నుంచి నేరుగా మా ఇంటికి వచ్చి చెప్పేది. "కట్టలేకపోతే మెజిస్ట్రేటు కాడికి రా. తగ్గిస్తారు, కిస్తీల్లో కట్టుకోవచ్చు. నానూ వస్తాను."

"నువ్వు దఫ్తర్లో ఉండగా నాకేటి ఫికర్ అక్కా," అని నాన్న ఆవిడ పళ్లెంలో ఇంకో చేప ముక్క వేసేవాడు. ఆవిడ అది తినకుండా లేచి వెళ్లిపోయిన రోజు నాకు గుర్తుంది.

ఆ వేసవిలో బజారులో ఒక ముసలాయన ఆటోని ఎత్తించారు. ఆయనా కట్టలేదు, నోటీసులకూ పలకలేదు. క్రేను ఆటోని లేపుతుంటే ఆయన అరవలేదు. అత్త దగ్గరికి వచ్చి, అక్కడే ఆగి ఉన్న మా వ్యానుని చూపించాడు. "అది మీ భాయ్ గాడీ కదా దీదీ. దాన్ని ఎవరు ముట్టుకుంటారులే," అన్నాడు. చుట్టూ ఉన్నవాళ్లంతా విన్నారు.

అత్త ఆ సాయంత్రం మా ఇంటికి వచ్చి గుమ్మంలోనే నిలబడింది. రెండో నోటీసు గడువు అయిపోయిందని, ఆ వారం లోపల ఆఫీసుకి రమ్మని చెప్పింది. నాన్న రేడియో గొంతు పెంచాడు. అమ్మ, "కూర్చో వదినా," అంది. అత్త కూర్చోలేదు.

తర్వాతి వారం క్రేను వచ్చింది. ఇంకొకరిని పంపమని పై ఆఫీసరే అన్నాడట, అత్తే ఒప్పుకోలేదు. వ్యానులో అప్పుడు టమాటాలు, కొత్తిమీర ఉన్నాయి. ఎండలో యార్డులో పడితే సాయంత్రానికి కుళ్లిపోతాయి. అత్త గొడుగు పక్కన పెట్టి, చీర కొంగు దోపుకుని, తట్టలన్నీ తనే దించి దుకాణం అరుగు మీద పేర్చింది. ఒక్కరూ సాయం రాలేదు. నాన్న స్టీరింగ్ ముందు నుంచి కదల్లేదు.

"దిగు తమ్ముడా," అంది.

నాన్న దిగాడు. అత్త చెయ్యి చాపింది. ఆయన ఆవిడని దాటుకుని వెళ్లి, తాళాలు క్రేను డ్రైవరు చేతిలో పెట్టాడు. "నీకిస్తున్నాను భయ్యా. ఆవిడకి కాదు," అన్నాడు. అప్పటిదాకా ఆయన నోట అక్క తప్ప 'ఆవిడ' అన్న మాట నేను వినలేదు.

గడువు ముగిసేలోపు అత్త మా ఇంటికి చాలాసార్లు వచ్చింది. మెజిస్ట్రేటు ముందుకి ఒక్కసారి వస్తే చాలని, మిగతాది తన జీతంలోంచి కట్టుకుంటానని తలుపు బయటి నుంచే చెప్పింది. నాన్న లోపలి నుంచి పలకలేదు, అమ్మని పలకనివ్వలేదు. వ్యాను వేలంలో పోయింది. కొన్నాయన దానికి నీలం రంగు వేయించాడు. అది ఎదురొస్తే నాన్న ఆగి, గోడ వైపు తిరిగి నిలబడేవాడు.

జెట్టీ పని చేజారింది. నాన్న దూరంగా రంగత్ వెళ్లి, అక్కడ ఒకరి లారీకి డ్రైవరుగా చేరాడు. వానాకాలంలో ట్రంక్ రోడ్డు మలుపులో ఆ లారీ బోల్తా పడింది. మేం వెళ్లేసరికి ఆయన ముఖం తుడిచి ఉంచారు.

మర్నాడు అక్కడే మట్టి చేశాం. అత్త బస్సులో వచ్చింది, తడిసిపోయి. పెట్టె మూయబోతుండగా దగ్గరికి రాబోయింది. అమ్మ అడ్డం నిలబడింది.

"మొత్తం వసూలైపోయిందా వదినా?" అంది. గొంతు పెంచలేదు.

అత్త వెనక్కి వెళ్లి సమాధుల తోట గేటు బయట వానలో నిలబడింది. అందరూ మట్టి వేసి వచ్చేశాక లోపలికి వెళ్లింది. మేం బస్సెక్కేవరకు బయటకి రాలేదు.

అటు తర్వాత చర్చిలో ఆవిడ కూర్చునే బెంచీ మెల్లగా ఖాళీ అయింది. పొమ్మని ఎవరూ అనలేదు. పక్కన కూర్చోవడం మానేశారంతే. పాటల గుంపులో ఆవిడది కింది గొంతు. అదీ వినపడ్డం మానేసింది. అమ్మ ఆవిడతో ఆ తర్వాత ఒక్క మాట మాట్లాడలేదు. నేను మాత్రం కాలేజీ రోజుల నుంచి డైరీ ఫార్మ్ వెళ్లి వస్తుండేదాన్ని. అమ్మకి తెలుసు. వద్దనలేదు, ఎలా ఉందని అడగనూ లేదు.

ఉద్యోగం మానేస్తుందని అందరూ అనుకున్నారు. మానలేదు. మారిందేమిటంటే, వసూలుకి వెళ్లిన ఇళ్లలో టీ తాగడం మొదలుపెట్టింది. కూర్చుని, నోటీసులో ఉన్న ప్రతి ముక్కా వాళ్ల భాషలో చదివి చెప్పేది. భయపడేవాళ్లని పొద్దున్నే తనే వెంటబెట్టుకుని మెజిస్ట్రేటు దగ్గరికి తీసుకెళ్లేది. అక్కడ బల్ల మీద వాళ్ల పక్కన కూర్చునేది. చాలా బండ్లు అలా యార్డుకి వెళ్లకుండా ఆగాయి. రానంటే రానన్నవాళ్లవి మాత్రం ఎత్తించింది. తిట్లు తిన్నది. ఒకామె ఆవిడ కాళ్ల ముందు పేడనీళ్లు పోసింది. చీర అంచు పిండుకుని మళ్లీ వారం అదే గుమ్మానికి వెళ్లింది.

రిటైరయ్యాక ఒకసారి ఆవిడ చేపలు కడుగుతుంటే అడిగాను. "అత్తా, ఆ రోజు వదిలేసి ఉంటే?"

చేతిలోని చేపని కడిగి గిన్నెలో వేసింది.

"వదిలేస్తే ఆ ముసిలోడి ఆటో ఎత్తింది అన్నేయం అయిపోద్ది," అంది. "వదిలేసుంటే మీ నాన్న బతికుండును. రెండూ నిజిమే కదే. ఒకటి నిజిమైతే రెండోది అబద్ధమైపోవాల. అవ్వట్లేదు."

ఆ తర్వాత మేం దాని గురించి మాట్లాడుకోలేదు. ఆవిడ చేసింది న్యాయమని చెప్పడానికి నేను ఇది రాయడం లేదు. నాన్న లేని ఇంట్లో పెరిగాను, ఆ మాట నా నోటికి రాదు. కానీ తను నమ్మినదాని బరువు ఇంకొకరి నెత్తిన పెట్టకుండా చివరిదాకా మోసిన మనిషిని నేను ఆవిడలోనే చూశాను. నా చదువుకి దారి చూపించిందీ, నా పెళ్లినాడు చర్చిలో ఆఖరి వరసలో కూర్చుని ఎవరికీ కనపడకుండా వెళ్లిపోయిందీ ఆవిడే. అందుకు కృతజ్ఞత చెప్పాల్సినప్పుడు చెప్పలేదు గనక ఇక్కడ చెబుతున్నాను.

మంగళవారం ఆ ఫోన్ వచ్చినప్పుడు, అమ్మని ఇంట్లోనే ఉండమందామనుకున్నాను. నేను నోరు తెరిచేలోపే ఆమె చెప్పులు వేసుకుంది.

స్నానం చేయించడానికి చర్చి ఆడవాళ్లు ఇద్దరు వచ్చారు. అమ్మ గోడకి ఆనుకుని చూస్తూ నిలబడింది. తెల్లచీర కట్టడం అయ్యాక, వాళ్లు పెట్టె తేవడానికి బయటకి వెళ్లారు. అప్పుడు అమ్మ వచ్చి అత్త తల దగ్గర కూర్చుంది. అలమరలోంచి దువ్వెన తీసుకుని, తడి జుట్టు చిక్కులు తీయడం మొదలుపెట్టింది. నొప్పి పుడుతుందేమో అన్నట్టు కుదుళ్ల దగ్గర రెండో చేత్తో పట్టుకుని, కొసల నుంచి పైకి, నెమ్మదిగా దువ్వింది. పాపిడి తీసి, సన్నగా జడ అల్లి, భుజం మీదుగా ముందుకి వేసింది.

దువ్వెనకి కొన్ని తెల్లవెంట్రుకలు మిగిలాయి. అమ్మ వాటిని తీసి వేలికి చుట్టి ఉండ చేసింది. పారేద్దామని కిటికీ దాకా వెళ్లింది. అక్కడే పిడికిలి మూసుకుని, ఎటూ కదలకుండా నిలబడిపోయింది.