గవర్నర్లో కొసరు

పద్దెనిమిదేళ్లు ఒకే బల్లకి ఎదురెదురుగా కూర్చుని పనిచేసిన మనిషే, హనీఫ్ శుక్రవారం నమాజుకి వెళ్లిన గంటసేపట్లో అతని పేరు మీద దొంగపని చేశాడు. ఆ మనిషి పేరు జ్ఞానానందం.

తెనాలిలో వాళ్లిద్దరిదీ డీజిల్ పంపుల షాపు. లారీ ఇంజనుకి డీజిల్ కొలిచి పోసేది పంపు. ఇంజను హద్దు మీరి పరుగెత్తకుండా పట్టి ఉంచేది ఆ పంపు వెనకున్న గవర్నరు. దాని లోపల రెండు గుండ్లు, వాటికి స్ప్రింగులు, స్ప్రింగుల మీద నట్లు. నట్టు తిప్పితే టిక్కుమంటుంది. బిగించినకొద్దీ బండికి వేగం పెరుగుతుంది, ఇంజనుకి ఆయుష్షు తరుగుతుంది. రెండువైపులా టిక్కులు సమానంగా ఉండాలి. హనీఫ్ కళ్లు మూసుకుని లెక్కపెట్టేవాడు. పని అయ్యాక మూతకి తీగ చుట్టి, సీసం బిళ్ల తగిలించి, తన గుర్తు చెక్కిన పట్టకారుతో నొక్కి సీలు వేసేవాడు. బాపట్ల నుంచి రేపల్లె దాకా లారీవాళ్లు ఆ గుర్తు చూశాక ఇంకో మాట అడిగేవాళ్లు కారు.

జ్ఞానానందమూ పనిమంతుడే. ఒక్క జబ్బు ఉంది. రెండో నట్టు దగ్గర లెక్క పూర్తయ్యాక కూడా ఇంకో టిక్కు వేసేవాడు.

“ఇదేమన్నా వంకాయల బేరమా, కొసరు వెయ్యడానికి?” అని తిట్టేవాడు హనీఫ్.

“చెయ్యి ఆగదు భాయ్. మా అమ్మ అంగలకుదురు నుంచి గంపెత్తుకొచ్చి కూరగాయలమ్మింది. కొసరు మా రక్తంలోనే ఉంది.”

హనీఫ్ ఆ టిక్కు వెనక్కి తిప్పేవాడు. ఇద్దరూ నవ్వుకుని టీకి వెళ్లేవాళ్లు.

రేపల్లె జగన్నాథరావుకి రొయ్యలు తోలే లారీలు నాలుగు. ఎనిమిదేళ్ల కిందట ఆయన ఒక పాత బండి తెచ్చి షాపు ముందు నిలబెట్టాడు.

“స్పీడు పెంచవయ్యా హనీఫూ. నా సరుకు చేరేసరికి ఐసంతా కాలవలై పారతంది.”

“ముసలి ఇంజనండి. గవర్నరు బిగిస్తే తట్టుకోదు. నేను చెయ్యనండి.”

“చేసేవాడు దొరక్కపోడులే!”

ఆయన గొణుక్కుంటూ భోజనానికి వెళ్లాడు. హనీఫ్ మసీదుకి వెళ్లాడు. నాలుగు లారీల పని చేజారుతుందని భయపడిన జ్ఞానానందం మూత విప్పాడు. బిగించాడు. హనీఫ్ పట్టకారుతోనే సీలు నొక్కాడు. తన పేరు చెబితే జగన్నాథరావు నమ్మడని అతనికి తెలుసు. ఆయన తిరిగొచ్చాక, “భాయ్ మనసు మార్చుకున్నాడండి. తనే చేసి వెళ్లాడు,” అని బండి పంపేశాడు. హనీఫ్‌తో మాత్రం, “ఆయన ఇంకో షాపు చూసుకుంటానని పోయాడు,” అన్నాడు.

తొమ్మిదో రోజున బాపట్ల దగ్గర ఖాళీ రోడ్డు మీద ఆ లారీ ఇంజను లోపలి రాడ్డు విరిగి, దాని గోడకి పిడికిలి పట్టేంత బొక్క పడింది. జగన్నాథరావు పంపు ఊడదీయించి తెచ్చి, పదిమంది లారీవాళ్ల ఎదుట షాపు బల్ల మీద పడేశాడు.

“చెయ్యనన్నావు, చాటుగా చేశావు. చేసినోడివి సరిగ్గా అయినా చెయ్యొద్దా?”

“నేను ముట్టుకోలేదండి.”

“మరి ఈ సీలు మీ తాత వేశాడా?”

హనీఫ్ సీలు తెంచాడు. తానెప్పుడూ నట్టు నిలిపే చోటుకి వచ్చేదాకా, ఒక్కో టిక్కూ వెనక్కి తిప్పుతూ పైకే లెక్కపెట్టాడు. ఒకవైపు నాలుగు. రెండోవైపు ఐదు. ఆ ఐదోది వినబడగానే పానా బల్ల మీద పెట్టాడు. తలెత్తి జ్ఞానానందాన్ని చూశాడు.

“నేను వద్దనే చెప్పానండి,” అన్నాడు జ్ఞానానందం, జగన్నాథరావు వైపు తిరిగి. “భాయ్ వినలేదు.”

“ఈ ఐదోది వీడి చేతిదండి!” అన్నాడు హనీఫ్.

“టిక్కులకి కూడా చేతిరాత ఉంటదేంటి భాయ్?” అన్నాడొక డ్రైవరు. అందరూ నవ్వారు. ఆ సాక్ష్యం చదవగలిగినవాళ్లు అక్కడ ఇద్దరే. ఒకడు పేరు పోగొట్టుకున్నవాడు. రెండోవాడు దాన్ని పోగొట్టినవాడు.

హనీఫ్ తెనాలి షాపు వదిలి బాపట్ల చేరి ఒక రేకుల షెడ్డులో ట్రాక్టర్ల పంపులు, నీళ్ల ఇంజన్లు బాగుచేసుకుంటూ బతికాడు. తిండికి లోటు రాలేదు. రేపల్లె బండి మాత్రం ఒక్కటీ అతని ముందు ఆగలేదు. మొదట్లో లారీ హారన్ వినబడితే తలెత్తి చూసేవాడు. రెండేళ్లకి అదీ మానేశాడు. “ఊరే మారాం, ఇంకా ఆ మాటెందుకు?” అనేది భార్య సైదాబీ. ఊరు మారినా పేరు మారలేదు. గవర్నరు బిగించి ఇంజను తగలేసిన హనీఫ్ అనే ఇక్కడా అనుకున్నారు.

పోయిన వేసవిలో జ్ఞానానందం వచ్చాడు. జుట్టు నెరిసింది. కూర్చోమని హనీఫ్ అనలేదు.

“ఆ పని చేసింది నేనే భాయ్. ప్రార్థనలో కళ్లు మూసుకుంటే నువ్వే కనబడతన్నావు. క్షమించానని ఒక్క మాట అను.”

“జగన్నాథరావు గారికి చెప్పావా?”

“ఆయనకెట్టా చెప్పేది? నా షాపు మూతబడదా?”

హనీఫ్ చేతిలో ఉన్న నాజిల్‌ని గుడ్డతో తుడిచి పక్కన పెట్టాడు.

“నాకు ఆ రోజే తెలుసు కదరా. తెలిసినోడికి చెప్పడానికి తెనాలి నుంచి బస్సు దండగ. తెలియనోళ్లంతా రేపల్లెలో ఉన్నారు. పో, అక్కడ చెప్పు.”