సాఫ్ చేసి ఇచ్చిన ఫోన్

పదవీ విరమణకు రెండేళ్ల ముందు, ఏడుపాయల జాతర బందోబస్తు ముగిసిన వారంలోనే, నన్ను మెదక్‌లో మహిళా సహాయ డెస్క్‌కు వేశారు. అప్పటికి నేను ఏఎస్సైని, అంటే ఎస్సైకి ఒక మెట్టు కింద.

ఒకరోజు పొద్దున్నే కౌడిపల్లి వైపు నుంచి రైతు ఒకాయన వచ్చాడు. ఊళ్లో ఎరువుల దుకాణం కూడా ఉంది ఆయనకు. పేరు చెప్పను, కూతురెవరో తెలిసిపోతుంది. ఆ పిల్లది తొమ్మిదో తరగతి. ఎవడో ఆమె ఫొటోను అసహ్యంగా మార్చి, తన మాట వినకపోతే అందరికీ పంపుతానని బెదిరిస్తున్నాడు. ఆ మెసేజ్‌లు తల్లి కంటపడ్డాయి.

పిల్ల ఫోన్ ఇమ్మన్నాను. "మొత్తం సాఫ్ చేపిచ్చిన మేడం, ఒక్కటి గూడ మిగల్లే" అన్నాడు, ఏదో ఘనకార్యం చేసినట్టు. నాకు ఒళ్లు మండిపోయింది. ఖాతా పేరు, మెసేజ్ వచ్చిన సమయం ఉంటేనే కదా, ఆ యాప్ కంపెనీకి నోటీసు పంపి వాడెవడో రాబట్టేది!

ఇలాంటి కేసుల్లో పిల్లల్ని స్టేషన్‌కు పిలవకూడదు. యూనిఫాం లేకుండా మనమే ఇంటికి వెళ్లాలి. సాయంత్రం చీర కట్టుకుని వెళ్లాను. మూడు రోజులుగా తండ్రి ఆ పిల్లను బడి మాన్పించాడట. ఏం అడిగినా ఆ పిల్ల తల్లి చాటుకు జరిగింది. ఉండబట్టలేక తండ్రి మీద అరిచాను: "సాక్ష్యమంత మీరే తుడిచేస్తే వాణ్ని యాడ వెతకాలె?"

పిల్ల భోరుమంది. "మా నాయనను ఏమనకుండ్రి మేడం. వాని మెసేజ్‌లు స్క్రీన్‌షాట్ తీసి నా దోస్తుకు పంపిన. ఆమె ఫోన్‌ల ఉన్నయ్."

తండ్రి బిత్తరపోయాడు. "మరి వాడు బెదిరిస్తున్నడని నాకు ముందుగాలనే ఎందుకు చెప్పలే బిడ్డా?"

"చెప్తే బడి బంద్ చేపిస్తవని భయమైంది."

ఆయన తల వంచుకుని చాలాసేపు కండువాతో కళ్లు తుడుచుకున్నాడు. పాపం, అరిచినందుకు నాకే సిగ్గేసింది. తప్పు మీ ఇద్దరిదీ కాదు, వాడిదని చెప్పాను. "రేపు నేనే బడి కాడ దింపుత" అన్నాడు కూతురితో.

ఆ స్క్రీన్‌షాట్లతోనే కేసు కట్టాం. వాడు దొరకడానికి నెలలు పట్టింది. పిల్ల మాత్రం మర్నాడే తండ్రి బండి మీద బడికి వెళ్లింది.

ఆ తర్వాత వచ్చిన తల్లిదండ్రులందరికీ ఫోన్‌లో ఏదీ తీసేయొద్దని చెప్పేదాన్ని. దానికంటే ముందు, బిడ్డ బడికి పోతోందా అని అడిగేదాన్ని. పోవట్లేదంటే, ఫిర్యాదు రాసుకుంటూనే రేపటి నుంచి పంపమనేదాన్ని. తప్పు తనది కాదని పిల్లకు నమ్మకం కలిగించడానికి అంతకన్నా మంచి మార్గం నా సర్వీసులో నాకు కనబడలేదు.