అవుటైన పిల్లల గోడ

ఆ బడిలో డ్రిల్లు టీచరంటే మిగతా టీచర్లకు లోలోపల కుళ్లు. వాళ్ల తరగతుల్లో నలభై మందికి నలభై గొంతులు. ఈవిడ మైదానంలో చీమ చిటుక్కుమన్నా వినిపిస్తుంది. హెడ్మిస్ట్రెస్ కొత్తగా చేరినవాళ్లను కిటికీ దగ్గరికి పిలిచి మరీ చూపించేది. "పిల్లల్ని అదుపులో ఎలా పెట్టాలో ఆవిణ్ణి చూసి నేర్చుకోండి!" పాతికేళ్లుగా ఆ మాటకు టీచరమ్మ మురిసిపోతూనే ఉంది. పొగడ్త ఎవరికి చేదు?

కిటుకు మాత్రం చాలా చిన్నది. సున్నంతో గీసిన వలయంలో పిల్లలుంటారు, బయటినుంచి బంతి విసురుతారు, తగిలినవాళ్లు అవుట్. అవుటైనవాళ్లు గోడవార చేతులు కట్టుకొని కూర్చోవాలి. పది నిమిషాల్లో ముప్పై మంది గోడకు చేరేవారు. మిగిలిన పదిమందీ చురుకైనవాళ్లు, వాళ్లకెవరూ ఏమీ చెప్పనక్కర్లేదు. ఇక గోల ఎక్కణ్ణుంచి వస్తుంది? పరుగు అవసరమైన పిల్లలే పీరియడంతా కూర్చుంటున్నారని ఆవిడకు ఒక్కనాడూ తట్టలేదు.

ఒక మంగళవారం, నాలుగో తరగతి పిల్ల ఒకతె, కళ్లద్దాలు జారకుండా తాడు కట్టుకున్న బక్కపిల్ల, వలయంలోకి రాకుండా తిన్నగా వెళ్లి గోడవార కూర్చుంది.

"ఏమ్మా, ఒంట్లో బాగాలేదా?"

"బాగానే ఉంది టీచర్."

"మరి?"

"ఎలాగూ మొదట నేనే అవుటవుతాను కదా టీచర్. అందుకే ముందే వచ్చి కూర్చున్నా."

ఏడుపు లేదు, అలక లేదు. టైమెంతయిందో చెప్పినట్టు చెప్పింది.

సాయంత్రం టీచరమ్మ ఇంటికొచ్చి, బట్టలు మడతపెడుతున్న కూతురితో చెప్పుకుంది. కూతురికి ముప్పై రెండేళ్లు. చదివింది ఆ బడిలోనే.

"తొమ్మిదేళ్లు నిండలేదే దానికి. ఎంత మాటంది చూడు!"

"నేనూ అంతేగా అమ్మా."

"నువ్వా? నువ్వెప్పుడు కూర్చున్నావే?"

"అయిదేళ్లు నీ పీరియడ్లో గోడ దగ్గరే కూర్చున్నా. సొంత కూతుర్ని వెనకేసుకొస్తుందని అంటారేమోనని, నువ్వు నా వైపు చూసేదానివే కాదు."

మా అమ్మాయికి ఆటలంటే పడదండీ అని కనబడ్డవాళ్లందరికీ చెప్పింది టీచరమ్మే.

శుక్రవారం నుంచి ఆట మారింది. ఒక వలయం బదులు నాలుగు గీసింది. బంతి తగిలినవాళ్లు పక్కకొచ్చి, తాడుతో పదిసార్లు గెంతి, మళ్లీ లోపలికి వెళ్లాలి. కూర్చోవడమన్నది లేదు. మొదటిరోజు నానా గందరగోళం. ఇద్దరి తలలు బొప్పి కట్టాయి, ఆవిడ గొంతు పోయింది. రెండో పీరియడ్ సగం, విజిల్ వినగానే ఎక్కడివాళ్లు అక్కడ ఆగడం ఒక్కటే ఆటగా ఆడించింది. మూడోవారానికి కుదిరింది. గోల మాత్రం తగ్గలేదు. హెడ్మిస్ట్రెస్ పరుగున వచ్చింది.

"ఏంటమ్మా ఇది, సంతలాగా! నీ క్రమశిక్షణంతా ఏమైంది?"

టీచరమ్మ విజిల్ ఊదింది. నలభై మందీ ఆగిపోయారు. మళ్లీ ఊదింది, మళ్లీ పరిగెత్తారు.

"క్రమశిక్షణ ఇదండీ మేడమ్. ఇన్నాళ్లూ నేను చేసింది పిల్లల్ని పక్కన పెట్టెయ్యడం."

హెడ్మిస్ట్రెస్ ముఖం ముడుచుకొని వెళ్లిపోయింది. పొగడ్త ఆ రోజుతో సరి. తాడు కళ్లద్దాల పిల్ల ఆ పీరియడ్లో నాలుగుసార్లు అవుటయింది. నాలుగుసార్లూ గెంతి, రొప్పుకుంటూ లోపలికెళ్లింది.

ఆ సాయంత్రం కూతురే అడిగింది.

"ఆ పిల్ల ఆడిందా అమ్మా?"

"ఆడింది. గంట కొట్టేదాకా ఆడింది."

"మంచిదమ్మా," అంది కూతురు. చేతిలో ఉన్న చొక్కా మడత పెట్టడం ఆపి అడిగింది.

"అంతసేపు లోపలుంటే ఎలా ఉందంట?"